తల్లిలేని కుక్కపిల్లలకు సాకుడుతల్లి

చిత్తకార్తె కుక్కలు అని మనం అంటుంటాం. ఎవరినన్నా తిట్టాలంటే ఈ మాట వాడతాం. కానీ ఈ మాట ఊరికే పుట్టలేదు. మన పెద్దలు కుక్కల తీరు బాగా చూసి అన్న మాట ఇది.

చిత్తకార్తె అక్టోబరు నెల నడుమ వస్తుంది. వానలు వెనకపట్టే రోజులు అవి. మన ఊర్లలో కుక్కలు ఎక్కువగా ఎదకు వచ్చేది అప్పుడే. కుక్క కడుపు మోసేది సుమారు 63 రోజులు. అంటే రెండు నెలలు, ఆ పైన రెండు మూడు రోజులు. మీరే లెక్క వేసి చూడండి. అక్టోబరు నడుమ జతకట్టిన కుక్క ఎప్పుడు ఈనుతుంది? డిసెంబరు నడుమ ఈనుతుంది. అన్ని కుక్కలూ ఒక్కరోజే ఈనవు. కొన్ని ముందు, కొన్ని వెనక. ఎండకాలంలో ఈనేవి కూడా ఉంటాయి. అయినా చలికాలంలో ఏ వాడకు పోయినా ఒకటో రెండో ఈనిన కుక్కలు కనపడతాయి.

ఈ లెక్క ఎందుకు చెబుతున్నామో తర్వాత తెలుస్తుంది. గుర్తు పెట్టుకోండి.

ఇప్పుడు నిడమనూరు సంగతి చూద్దాం. నల్లగొండ జిల్లాలో ఇది మండల కేంద్రం. నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీళ్ళు పారే ప్రాంతం. వరి ఎక్కువ. జడ్చర్ల నుంచి కోదాడకు పోయే పెద్దరోడ్డు నిడమనూరు మీదుగా పోతుంది. ఒక దిక్కు హాలియా, ఇంకో దిక్కు మిర్యాలగూడ. మిర్యాలగూడలో రైసుమిల్లులు ఎన్ని ఉన్నాయో మీకు చెప్పే పని లేదు. వానాకాలం పంట కోతకు వచ్చిందంటే వడ్ల ట్రాక్టర్లు, లారీలు రాత్రీ పగలూ తిరుగుతాయి.

సరిగ్గా ఆ కాలంలోనే కుక్కలు ఈనుతాయి. పాలిచ్చే కుక్కకు ఆకలి ఎక్కువ. పిల్లలను గడ్డివాము కింద వదిలి తిండికి పోతుంది. రోడ్డు దాటుతుంది. ఒక్కోసారి తిరిగి రాదు.

పిల్లలు గడ్డివాము కింద కుయ్యి కుయ్యి అని ఏడుస్తుంటాయి. కండ్లు కూడా తెరవని పిల్లలు. వాటిని ఎట్లా బతికించాలి?

ముట్టుకునే ముందు ఒక మాట

జాలి మంచిదే. కానీ ముందు ఒక సంగతి తెలుసుకోవాలి. తల్లికుక్క ఎట్లా చచ్చింది?

నిన్నటి దాకా బాగా తిని, బాగా తిరిగి, లారీ కింద పడి చచ్చిందా? అట్లయితే భయం తక్కువ. అట్లా కాక, రెండు మూడు రోజుల నుంచి అది మారిపోయిందా? ఊరికే మీదపడి కరిచిందా? నోట్లోంచి చొల్లు కారిందా? కింది దవడ వేలాడేసిందా? మింగలేకపోయిందా? తూలుతూ నడిచిందా? అట్లయితే అది రేబిస్ కావచ్చు. పిచ్చికుక్క రోగం అని మనం అనేది దాన్నే. అప్పుడు పిల్లలను చేతితో ముట్టుకోవద్దు. పశువుల దవాఖానలో చెప్పండి. ఆ పిల్లలను ఇంకో కుక్కకు అసలే కలపవద్దు.

కొందరు ఏమంటారంటే, "కుక్కపిల్లే గదా, పిల్లకుక్కకు ఎక్కడి పిచ్చి?" అంటారు. ఇది తప్పు. రోగం ఉన్న కుక్క నాకినా, కరిచినా పిల్లకూ రోగం అంటుతుంది. 2025లో ఉత్తరప్రదేశ్ రాష్ట్రం బులంద్‌షహర్ జిల్లాలో ఒక కబడ్డీ ఆటగాడు మురికి కాలువలో పడిన కుక్కపిల్లను బయటికి తీశాడు. అది అతన్ని కరిచింది. గాయం చిన్నదే. దాన్ని పట్టించుకోలేదు. సూది వేయించుకోలేదు. కొన్ని వారాల తర్వాత రేబిస్ వచ్చి చనిపోయాడు. వయసు ఇరవై రెండేండ్లు. మంచి పని చేయబోయి ప్రాణం పోగొట్టుకున్నాడు.

రోగం బయటపడిన తర్వాత మనిషిని బతికించే మందు లేదు. బయటపడక ముందైతే సూదులు బతికిస్తాయి. అందుకే పిల్ల కరిచినా, గీరినా, మీ పుండు మీద నాకినా ఒక పని చేయాలి. పారే నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, ఆకుపసరు పెట్టవద్దు. వెంటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోవాలి. బొడ్డు చుట్టూ 14 సూదులు అని ఇంకా భయపడేవాళ్ళు ఉన్నారు. ఆ పాత మందు మన దేశంలో ఎప్పుడో ఆగిపోయింది. ఇప్పుడు చేతికి వేస్తారు. డాక్టరు రాసిన తేదీలు అన్నీ పోవాలి. ఒకటి వేసుకొని మిగిలినవి మానవద్దు.

తల్లి ఇచ్చేది పాలొక్కటే కాదు

తల్లి చచ్చిన పిల్లలను చూసి చాలామంది గిన్నెలో బర్రెపాలు పోసి ముందు పెడతారు. పాలకు చీమలు పడతాయి గానీ పిల్ల తాగదు. తాగలేదు. దానికి కండ్లు కనపడవు, చెవులు వినపడవు. కండ్లు తెరిచేది 10 నుంచి 14 రోజులకు. చెవులు తెరుచుకునేది ఇంకొన్ని రోజులకు. అప్పటిదాకా దానికి తెలిసినవి వాసన, వెచ్చదనం. అంతే.

నిజానికి పాల కంటే ముందు కావలసింది వెచ్చదనమే. పెద్ద కుక్కకు ఒళ్ళు వేడిగా ఉంటుంది. పుట్టిన పిల్ల తన ఒంటి వేడిని తాను నిలుపుకోలేదు. రెండు మూడు వారాల దాకా తల్లి పొట్టే దానికి పొయ్యి. డిసెంబరు రాత్రి తల్లి లేకపోతే పిల్ల ఆకలితో కాదు, ముందు చలితో చస్తుంది.

చల్లబడిన పిల్లకు పాలు పోయవద్దు. ఇది బాగా గుర్తుంచుకోండి. ఒళ్ళు చల్లగా ఉంటే దాని పేగు పని చేయదు. తాగిన పాలు కడుపులోనే పాడవుతాయి. పిల్ల నోట్లో మీ చిటికెనవేలు పెట్టి చూడండి. లోపల చల్లగా ఉందా? అయితే ముందు వెచ్చబెట్టండి. గుడ్డలో చుట్టి ఒంటికి ఆనించుకోండి. లేదా సీసాలో వేడినీళ్ళు పోసి, దానికి మందంగా గుడ్డ చుట్టి, పక్కన పెట్టండి. నిప్పుల కుంపటి దగ్గర పెట్టవద్దు. గబగబా వేడి చేయవద్దు. గంటో, ఇంకొంచెం సేపో పట్టనీయండి. పిల్ల నోరు వెచ్చబడి, వేలిని చీకితే అప్పుడు పాల సంగతి.

రెండోది పాలు. కుక్కపాలు చిక్కన. బర్రెపాల కంటే కూడా చిక్కన. ఆవుపాలలో వందకు మూడు పాళ్ళకు పైన మాంసకృత్తులు ఉంటే కుక్కపాలలో అంతకు రెండింతలకు పైగా ఉంటాయి. కొవ్వు కూడా ఎక్కువే. పాలచక్కెర మాత్రం ఆవుపాలలోనే ఎక్కువ. అందుకే ఒట్టి ఆవుపాలు తాగిన కుక్కపిల్లకు కడుపు నిండదు, పైగా పారుతుంది. పారితే ఒంట్లో నీరు పోయి ఒకటి రెండు రోజుల్లో చస్తుంది.

ఇంకా ముర్రుపాలు ఉన్నాయి. బర్రె ఈనితే దూడకు ముర్రుపాలు తాపుతాం గదా. కుక్కపిల్లకూ అంతే. పుట్టిన మొదటి రోజు లోపల తాగితేనే వాటిలోని రక్షణ ఒంటికి పడుతుంది. ఆ తర్వాత తాగినా పేగు దాన్ని తీసుకోదు.

మూడోది చాలామందికి తెలియదు. తల్లి నాలుక. పుట్టిన పిల్లకు తనంతట తాను ఒంటికి, రెంటికి పోవడం రాదు. తల్లి పొట్ట కింద నాకితేనే పోతుంది. మూడు వారాల దాకా ఇంతే. పాలు తాపి, నాకే దిక్కు లేకపోతే పిల్ల పొట్ట ఉబ్బి చస్తుంది. అందరూ "పాలు ఎక్కువైనయి" అనుకుంటారు.

వెచ్చదనం, పాలు, నాలుక. ఈ మూడూ మనిషి ఇవ్వాలంటే రెండు గంటలకు, మూడు గంటలకు ఒకసారి లేవాలి. పగలు కూలికి పోయే మనిషికి అది అయ్యే పని కాదు. ఇంకో తల్లికుక్కకు మాత్రం అది రోజూ చేసే పనే.

సాకుడుతల్లి ఎక్కడ దొరుకుతుంది?

ఇప్పుడు మొదట చెప్పిన లెక్క గుర్తు చేసుకోండి. చిత్తకార్తెలో జతకట్టినవి ఇంచుమించు ఒక్కసారే ఈనుతాయి. మీ గడ్డివాము కింద తల్లిలేని పిల్లలు ఉన్నాయంటే, పక్క వాడలోనో, బాయికాడనో, మిల్లు దగ్గరో ఇంకో కుక్క పిల్లలు పెట్టి ఉంటుంది. దాన్ని వెదకాలి. పాలవాళ్ళను, గొర్రెలు కాసేవాళ్ళను, బడిపిల్లలను అడగండి. ఏ కుక్క ఎక్కడ ఈనిందో పిల్లగాండ్లకు తెలిసినట్టు ఊర్లో ఎవరికీ తెలియదు.

మాటవరసకు ఇట్లా అనుకుందాం. పక్కింటి ఆడపిల్ల ఒక అవ్వ దగ్గరకు వచ్చింది.

"అవ్వా, మీ వాకిట్ల ఉండే నల్లకుక్క ఈనింది గదా. ఎన్ని పిల్లలు?"

"నాలుగు బిడ్డా. ఒకటి సచ్చింది. మూడున్నయి."

"ఎన్ని రోజులైంది?"

"మొన్న బేస్తారం ఈనింది. వారం కాలే."

"మా గడ్డివాము కింద రెండున్నయి అవ్వా. తల్లిని లారీ గుద్దింది. నీ కుక్కకు కలుపుదామా?"

"కరుస్తదేమో బిడ్డా."

"నువ్వు పెట్టే బువ్వ తింటది గదా అవ్వా. నిన్నెందుకు కరుస్తది? నేను దూరంగ ఉంట."

ఈ పిల్ల అడిగిన ప్రశ్నలు చూడండి. అన్నీ సరైనవే. ఎన్ని పిల్లలు ఉన్నాయి? ఎన్ని రోజుల పిల్లలు? కుక్క ఎవరి మాట వింటుంది? ఈనిన కుక్క దగ్గరకు కొత్తవాళ్ళు పోకూడదు. అది పిల్లల కోసం కరుస్తుంది. రోజూ బువ్వ పెట్టే మనిషే ఈ పని చేయాలి.

పిల్లల వయసులో తేడా వారానికి మించకపోతే మంచిది. పెద్ద పిల్లలు చిన్నవాటిని తోసేసి చన్ను లాక్కుంటాయి. కుక్కకు సాధారణంగా 8 నుంచి 10 చన్నులు ఉంటాయి. అయినా అన్నిటిలో పాలు ఒక్కతీరుగా రావు. ఆరు పిల్లలున్న కుక్కకు ఇంకో ఐదు కలిపితే ఎవరికీ చాలవు. అప్పుడు పిల్లలను పంచండి. రెండు ఈ కుక్కకు, మూడు ఆ కుక్కకు. ఒకచోట పిల్లలన్నీ చచ్చి పాలు నిండిన కుక్క ఉంటే అంతకంటే మంచిది లేదు. కానీ ఆ పిల్లలు రోగంతో చచ్చాయేమో అడిగి తెలుసుకోవాలి. రక్తం విరేచనాలతో చచ్చి ఉంటే ఆ చోటుకు ఈ పిల్లలను తీసుకుపోవద్దు.

ఒక్కోసారి ఈనకుండానే పాలు వచ్చే కుక్కలు ఉంటాయి. ఎదకు వచ్చి రెండు నెలలు అయ్యేసరికి, కడుపు లేకపోయినా, ఈనినట్టే నడుచుకుంటాయి. గుడ్డపేలికలను పిల్లల్లాగా దగ్గర పెట్టుకుంటాయి. ఇట్లాంటి కుక్క కూడా సాకవచ్చు. ముర్రుపాలు మాత్రం దాని దగ్గర దొరకవు.

ఎట్లా కలపాలి?

తల్లి బిడ్డను గుర్తుపట్టేది వాసనతో. ఇది మనకు కొత్త సంగతి కాదు. దూడ చచ్చిన బర్రె చేపడం లేదని, దూడ తోలులో గడ్డి కూరి ముందు నిలబెట్టేవాళ్ళు. బర్రె వాసన చూసి, నాకి, చేపేది. తల్లిలేని గొర్రెపిల్లకు చచ్చిన పిల్ల తోలు కప్పి ఇంకో గొర్రె దగ్గర పాలు తాపడం చాలా దేశాల కాపరులకు తెలిసిన ఉపాయం. గొర్రె చాలా పట్టింపు మనిషిలాంటిది. తన పిల్ల కాకపోతే పొడిచి తోస్తుంది. కుక్క అంత పట్టింపు చేయదు. వాసన కలిస్తే చాలావరకు ఒప్పుకుంటుంది.

సాకుడుతల్లిని తిండికి దూరంగా పిలవండి. అది అటు పోగానే, అది పడుకునే గుడ్డతోనో గోనెసంచితోనో తల్లిలేని పిల్లలను బాగా రుద్దండి. తల, వీపు, తోక కింద కూడా రుద్దండి. తర్వాత దాని పిల్లల నడుమ వీటిని కలిపి పెట్టండి. అన్నీ ఒకదాని మీద ఒకటి దొర్లి పావుగంట, అరగంట ఉండాలి. ఆ పిల్లల మూత్రం, పాలు వీటికీ అంటుకుంటాయి. వాసన ఒకటవుతుంది. మీ చేతికి సెంటు, పౌడరు, కిరోసిన్ వాసన ఉండకూడదు.

ఇగ కుక్కను రానీయండి. కడుపు నిండి ఉంటుంది. చన్నులు బిగిసి ఉంటే ఇంకా మంచిది. వచ్చి వాసన చూస్తుంది. మీరు మాట్లాడవద్దు. జనం గుంపు కూడవద్దు. కొత్త పిల్లను నాకిందా? అయితే పని అయినట్టే. నాకడం అంటే బిడ్డగా ఒప్పుకోవడం. పక్కకు ఒరిగి చన్ను ఇస్తే ఇంకేం కావాలి!

గుర్రుమందా? లేచి అవతలికి పోయిందా? పిల్లను నోట కరుచుకొని బయట పెట్టిందా? అయితే పిల్లను వెంటనే తీసేయండి. కుక్కను కొట్టవద్దు, తిట్టవద్దు. ఇంకొంచెం సేపు వాసన కలిపి మళ్ళీ చూడండి. మూడోసారి కూడా ఒప్పుకోకపోతే ఆ కుక్కను వదిలేయండి. ఇంకో కుక్కను వెదకండి. మొదటి రోజు, మొదటి రాత్రి మాత్రం ఎవరో ఒకరు చూస్తుండాలి. మధ్యమధ్య పోయి కొత్త పిల్లలు పాలు తాగుతున్నాయా, పక్కకు పడి ఉన్నాయా అని చూడాలి. వెనక చన్నుల్లో పాలు ఎక్కువ వస్తాయి. బక్క పిల్లకు ఆ చన్ను నోటికి అందించండి.

కుక్క ఎంత దాకా ఒప్పుకుంటుందో చెబితే నమ్మరు. 2008లో అమెరికా దేశం కాన్సాస్ రాష్ట్రంలో కేనీ అనే ఊరి జూలో ఒక తల్లిపులి తన మూడు పిల్లలను వదిలేసింది. ఒక పెంపుడు కుక్క వాటికి పాలిచ్చి సాకింది. మన దగ్గర పులిపిల్లల కథ వేరేగా నడిచింది. 2023 మార్చిలో కృష్ణ అవతల, నంద్యాల జిల్లా పెద్దగుమ్మడాపురంలో నాలుగు పులిపిల్లలు దొరికాయి. అడవి సిబ్బంది తల్లి కోసం రాత్రింబవళ్ళు వెదికారు. తల్లితో కలపలేకపోయారు. చివరికి పిల్లలను తిరుపతి జూకు తరలించారు. పులికి పక్క వాడలో ఇంకో పులి ఉండదు. మన కుక్కకు ఉంటుంది.

సాకుడుతల్లికి తిండి

మూడు పిల్లలకు బదులు ఐదు తాగుతున్నాయి. మరి ఆ పాలు ఎక్కడి నుంచి రావాలి? పాలిచ్చే కుక్క మామూలు రోజుల కంటే రెండు మూడింతలు తినాలి. మిగిలిన సద్దన్నం ఒక్కటే పెడితే అది ఎముకల గూడు అవుతుంది. అన్నంలో పప్పు కలపండి. ఉడికించిన గుడ్డు, కోడి దుకాణంలో మిగిలిన ముక్కలు ఉడికించి పెట్టండి. వండిన కోడి ఎముకలు వద్దు, గొంతులో గుచ్చుకుంటాయి. ఉల్లిగడ్డ కూర వద్దు. నీళ్ళు ఎప్పుడూ ముందు ఉండాలి. రోడ్డు అవతల కాకుండా పిల్లలు ఉన్న చోటనే తిండి పెట్టండి. మొదటి తల్లి ఎందుకు చచ్చిందో మరిచిపోవద్దు గదా.

ఈనిన మూడు నాలుగు వారాల లోపల కుక్క ఎక్కువగా ఒగరుస్తూ, వణుకుతూ, కాళ్ళు బిగదీసుకుంటే ఆలస్యం చేయవద్దు. ఒంట్లో సున్నం తగ్గి వచ్చే జబ్బు అది. పాలు ఎక్కువ ఇచ్చే బర్రెకు పాలజ్వరం వచ్చినట్టే. పిల్లలను దూరం చేసి పశువుల డాక్టరుకు చూపండి. కాల్షియం సూది వేస్తే లేచి తిరుగుతుంది.

కుక్క దొరికేదాకా

దొరికేదాకా ఒకటి రెండు రోజులు మీరే చూసుకోవాలి. పావులీటరు కాచి చల్లార్చిన పాలలో ఒక గుడ్డు పచ్చసొన కలపండి. తెల్లసొన వద్దు. నీళ్ళు కలపవద్దు, చక్కెర వేయవద్దు. గోరువెచ్చగా తాపాలి. సూది తీసేసిన సిరంజితో చుక్క చుక్క వేయండి. పిల్లను బోర్లా పట్టుకోవాలి. మన పసిబిడ్డను పండబెట్టినట్టు వెల్లకిలా పెడితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ముక్కులోంచి పాలు వస్తే ఆపండి. వారం లోపలి పిల్లకు పూటకు ఒకటిన్నర చెంచా చాలు. రోజుకు ఎనిమిదిసార్లు. తాగిన ప్రతిసారి, తడి దూదితో పొట్ట కింద, తోక కింద మెల్లగా తుడవండి. అదే తల్లి నాలుక.

పిల్ల బతుకుతుందో లేదో తెలుసుకునేందుకు కిరాణా దుకాణం త్రాసు చాలు. రోజూ ఒకే వేళకు తూచి రాసుకోండి. ఊరకుక్క పిల్ల పుట్టినప్పుడు పావుకిలో, ఇంకొంచెం ఎక్కువ ఉంటుంది. 8 నుంచి 10 రోజులకు అది రెండింతలు కావాలి. ఒక్క రోజు బరువు పెరగకపోయినా పట్టించుకోండి. తల్లి దగ్గర ఉన్నా పిల్ల ఏడుస్తూనే ఉందంటే దానికి పాలు అందడం లేదని అర్థం.

తర్వాత ఏం చేయాలో రాసి పెట్టుకోండి. నెల నిండేసరికి మెత్తగా కలిపిన పాలన్నం నాకుతాయి. ఎనిమిది వారాల దాకా తల్లి దగ్గరనే ఉండనీయండి. అంతకు ముందే ఎత్తుకుపోతే కరిచే బుద్ధి నేర్చుకుంటాయి. పిల్లల కడుపులో నులిపురుగులు తల్లి నుంచే వస్తాయి. మట్టిలో ఆడే మన పిల్లలకూ ఆ గుడ్లు అంటుతాయి. అందుకే రెండు వారాల వయసు నుంచి పదిహేను రోజులకు ఒకసారి మందు తాపాలి. మోతాదు బరువును బట్టి డాక్టరు చెబుతారు. మందు తల్లికి కూడా పోయాలి. పిల్లలు పాలు మరిచిన తర్వాత సాకుడుతల్లికి పిల్లలు పుట్టకుండా ఆపరేషను, రేబిస్ టీకా చేయించమని పంచాయతీలో అడగండి. వీధికుక్కలకు ఇవి చేయించే బాధ్యత స్థానిక సంస్థలదే అని 2023 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి.

గోడకు తగిలించిన క్యాలెండరు ఉంటే దాని మీదనే గుర్తులు పెట్టుకోవచ్చు. లేదా ఒక కాగితం మీద ఇట్లా రాయండి. పిల్లను ఎవరికన్నా ఇచ్చేటప్పుడు ఆ కాగితం కూడా ఇవ్వండి.

పుట్టింది: డిసెంబరు 16.
సాకుడుతల్లికి కలిపింది: డిసెంబరు 17.
నులిపురుగుల మందు: డిసెంబరు 30, జనవరి 13, జనవరి 27, ఫిబ్రవరి 10.
మొదటి టీకా: జనవరి 27 తర్వాత, డాక్టరు చెప్పిన రోజు.
తల్లి నుంచి వేరు చేసేది: ఫిబ్రవరి 10 తర్వాత.
రేబిస్ టీకా: మార్చి 16. మళ్ళీ ఎప్పుడో డాక్టరును అడిగి ఈ కింద రాయాలి.